సెన్సర్ రెండుసార్లు మార్చినా ఆగిపోయిన డీజిల్ బండి: స్కోప్‌తో పట్టుకున్న కేసు

మే నెల రెండో వారం. నల్లగొండలో ఆ రోజుల్లో మధ్యాహ్నం పన్నెండు దాటితే రేకుల షెడ్డు కింద నిలబడలేం. సరిగ్గా అలాంటి టైంలో మిర్యాలగూడ నుంచి ఒక తెల్ల డీజిల్ సెడాన్ వచ్చింది. 2014 మోడల్, కామన్ రైల్ ఇంజిన్, మాన్యువల్ గేరు, టాక్సీ ప్లేటు. నడిపే అబ్బాయే ఓనరు. దిగుతూనే చెప్పాడు: "అన్నా, ఎండకు ఆగిపోతుంది. పొద్దుగాల పోతే ఏం కాదు, పదకొండు దాటిందంటే ఎక్కడ ఆగుతదో తెల్వదు. రెండు సెన్సర్లు మార్పిచ్చిన. ఇగ ఈసీఎం పోయిందంటున్నరు."

ఈసీఎం అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్. అతను చెప్పినదాంట్లో అబద్ధం ఏమీ లేదు. కానీ "ఎండకు" అన్న ఆ ఒక్క మాట పట్టుకుని నాకంటే ముందు చూసినవాళ్లంతా ఒకే దారిలో వెళ్లారు, నేనూ మొదటి రెండు గంటలు అదే దారిలో వెళ్లాను. స్కోప్ (ఆసిలోస్కోప్, అంటే వైరులో వోల్టేజి ఎలా మారుతోందో గీతగా చూపించే పరికరం) వాడే వాళ్లకు, కొత్తగా కొనాలనుకునే వాళ్లకు ఈ కేసు ఉపయోగపడుతుందని మొత్తం రాస్తున్నాను, నేను పోగొట్టుకున్న టైంతో సహా.

ముందు చరిత్ర. ఏప్రిల్ మధ్యలో మొదలైంది. స్పీడ్ బ్రేకర్ దగ్గర స్లో చేసి క్లచ్ తొక్కితే ఆగుతుంది. హైదరాబాద్ ట్రిప్పుల్లో పంతంగి టోల్‌గేట్ లైనులో రెండుసార్లు ఆగింది, వెనక బండ్ల హారన్లకు చెమటలు పట్టాయట. ఎయిర్‌పోర్ట్ ప్యాసింజర్‌ను ఎక్కించుకున్నప్పుడైతే ఒకటే టెన్షన్. మొదట క్రాంక్ సెన్సర్ (ఇంజిన్ క్రాంక్ షాఫ్ట్ తిరగడాన్ని ఈసీఎంకు చెప్పేది) మార్చారు. వారం తర్వాత మళ్లీ ఆగితే, "అది డూప్లికేట్ పడింది" అని ఇంకోటి తెప్పించి వేశారు. డీజిల్ ఫిల్టర్ మారింది. చివరికి ఈసీఎం విప్పి హైదరాబాద్ పంపాలి, పద్దెనిమిది వేలు అవుతుంది అన్నారు. అప్పుడు నా దగ్గరికి వచ్చాడు.

నేను అడిగిన ప్రశ్నల్లో ఒకటి ఇప్పుడు గుర్తు చేసుకుంటే నాకే బాధేస్తుంది. "ఆగినాక ఎంతసేపటికి స్టార్ట్ అవుతుంది తమ్ముడూ?" అంటే, "వెంటనే సెల్ఫ్ కొడితే అయితదన్నా" అన్నాడు. వేడికి లోపల వైండింగ్ తెగే సెన్సర్ అయితే చల్లారే దాకా పది పదిహేను నిమిషాలు సతాయిస్తుంది. ఇది వెంటనే స్టార్ట్ అవుతోందంటే వేడి కాదని ఆ జవాబులోనే ఉంది. విన్నాను, జాబ్ కార్డు మీద రాసుకున్నాను, దాని అర్థం మాత్రం అప్పుడు పట్టించుకోలేదు.

స్కానర్ (ఈసీఎంలో నమోదైన ఫాల్ట్ కోడ్లు చదివేది) పెడితే పీ 0336 కోడ్ ఒక్కటే ఉంది. ఈ కోడ్ చూడగానే సెన్సర్ మార్చేయడం మన దగ్గర అలవాటైపోయింది. అసలు ఆ కోడ్ చెప్పేది, క్రాంక్ సిగ్నల్ వస్తోంది గానీ ఉండాల్సిన తీరులో లేదు అని. సెన్సర్ పాడు కావచ్చు, పళ్ల చక్రం దెబ్బతిని ఉండవచ్చు, వైరు కావచ్చు, వైరులోకి బయటి నుంచి ఏదైనా దూరుతూ ఉండవచ్చు. వీటిలో ఏదో స్కానర్ చెప్పలేదు, ఎందుకంటే అది చూపించేది ఈసీఎం లెక్క కట్టేసిన ఆర్‌పీఎం నంబరు. ఆ నంబరు సెకనుకు కొన్నిసార్లే మారుతుంది. సిగ్నల్‌లో గొడవ జరిగేది మైక్రోసెకన్లలో.

ఈ బండిలో ఉన్నది రెండు వైర్ల ఇండక్టివ్ సెన్సర్. లోపల అయస్కాంతం, దాని చుట్టూ సన్న తీగ కాయిల్. ఎదురుగా 60 పళ్లకు గాను రెండు పళ్లు తీసేసిన చక్రం తిరుగుతుంది, అంటే ఉన్నవి 58. ప్రతి పన్ను దాటినప్పుడు కాయిల్‌లో ఒక అల పుడుతుంది, పైకి వెళ్లి సున్నాను దాటి కిందికి వస్తుంది. ఈసీఎం ఆ సున్నా దాటే క్షణాలనే లెక్కపెడుతుంది. రెండు పళ్లు లేని చోట కాసేపు ఖాళీ వస్తుంది, "ఇదిగో ఇక్కడ నుంచి ఒక చుట్టు" అని దానికి గుర్తు అదే. 60 పళ్ల చక్రానికి ఒక సుఖం ఉంది: సెకనుకు ఎన్ని పళ్లు దాటాయో అదే ఆర్‌పీఎం. 850 మీద ఐడిల్ అవుతుంటే సెకనుకు 850 పళ్లు, ఒక్కో పన్నుకు దాదాపు 1.2 మిల్లీసెకన్లు, ఒక చుట్టుకు 70 మిల్లీసెకన్లు. స్క్రీన్ మీద కర్సర్ పెట్టినప్పుడు ఈ లెక్క తలలో ఉంటే పని సగం తేలికవుతుంది.

మీటర్‌తో సెన్సర్ రెసిస్టెన్స్ 880 ఓమ్స్ వచ్చింది, బాగుంది. స్కోప్ కనెక్ట్ చేశాను. నాది నాలుగు ఛానెళ్ల యూఎస్‌బీ స్కోప్. ల్యాప్‌టాప్‌ను ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీదే నడుపుతాను, లేకపోతే కరెంటు లైను రొద కూడా సిగ్నల్‌లోకి వచ్చి కూర్చుంటుంది. ఇండక్టివ్ సెన్సర్‌కు రెండు వైర్లూ సిగ్నల్ వైర్లే కాబట్టి ఒక వైరు ఏ ఛానెల్‌కు, రెండోది బీ ఛానెల్‌కు పెట్టి, సాఫ్ట్‌వేర్‌లో ఏ నుంచి బీ తీసేసి చూశాను. ఈసీఎం చూసేది కూడా ఆ తేడానే. కప్లర్ (వైర్లు వచ్చి కలిసే ప్లగ్గు) వెనక నుంచి సన్న పిన్ దూర్చాలి, వైరు తోలు గుచ్చొద్దు. గుచ్చిన చోట వానాకాలంలో నీళ్లు చేరి, ఆరు నెలల తర్వాత రాగి పచ్చబడిపోతుంది, అప్పుడు ఆ ఫాల్ట్ వెతికేది మళ్లీ మనమే.

ఐడిల్‌లో పైనుంచి కిందికి ఆరు వోల్టుల అల, 58 పళ్లు, ఖాళీ, మళ్లీ 58. పళ్లన్నీ ఒకే ఎత్తు. చక్రం వంగి ఉంటే ఎత్తు చుట్టు చుట్టుకూ ఊగుతుంది, పన్ను విరిగితే ఆ చోట గుంట కనిపిస్తుంది. రెండూ లేవు. గేరుబాక్స్ దింపి చక్రం చూడాల్సిన పని అక్కడితో తప్పింది, ఆ ఒక్కదానికే ఒక రోజు లేబర్ మిగిలింది. తర్వాత హీట్ గన్ తీసుకుని సెన్సర్‌ను బాగా వేడి చేశాను, చెయ్యి పెట్టలేనంత. ఎత్తు కొంచెం కూడా తగ్గలేదు. నలభై నిమిషాలు ఐడిల్‌లో వదిలేశాను, ఫ్యాన్ పదిసార్లు తిరిగి ఆగింది, బండి మాత్రం ఆగలేదు.

రోడ్డు టెస్ట్‌కు తిప్పర్తి వైపు బయల్దేరాం. అతను డ్రైవింగ్, నేను పక్క సీట్లో ఒళ్లో ల్యాప్‌టాప్‌తో. క్రాంక్ రెండు ఛానెళ్లు, మూడో దాంట్లో క్యామ్ సెన్సర్ (క్యామ్ షాఫ్ట్ తిరగడాన్ని చెప్పేది), నాలుగో దాంట్లో ఒక ఇంజెక్టర్ వైరు చుట్టూ కరెంట్ క్లాంప్ (వైరు కోయకుండా అందులో పోయే కరెంటు కొలిచేది). బానెట్ పూర్తిగా మూసుకోదు కాబట్టి తాడుతో కట్టి, వైర్లు ఫ్యాన్ బెల్ట్ వైపు జారకుండా జిప్ టైలు వేసి, కిటికీలోంచి లోపలికి తెచ్చుకున్నాం. తిప్పర్తి దాటి వెనక్కి తిప్పుకుని వస్తుంటే ఒక స్పీడ్ బ్రేకర్ దగ్గర క్లచ్ తొక్కాడు, బండి ఆగింది. మూడు వారాలుగా అతన్ని ఏడిపించిన ఫాల్ట్ నా స్క్రీన్ మీద రికార్డు అయింది కదా అని చాలా సంతోషపడ్డాను.

రికార్డు వెనక్కి జరిపి చూస్తే రెండు విషయాలు తేలాయి. ఇంజెక్టర్ కరెంటు ముందు ఆగింది, చక్రం స్లో కావడం ఆ తర్వాత మొదలైంది. అంటే డీజిల్ అందక ఆగింది కాదు, ఈసీఎం తనంతట తానే ఇంజెక్షన్ కట్ చేసింది. ఫిల్టర్, పంపు, ట్యాంకులో గాలి, ఇవన్నీ ఒక్క దెబ్బతో లిస్టులోంచి పోయాయి. రెండోది, క్యామ్ సిగ్నల్ సున్నాకూ 5 వోల్టులకూ మధ్య చివరి దాకా శుభ్రంగా ఉంది. సెన్సర్ సప్లై గానీ ఎర్త్ గానీ పడిపోయి ఉంటే అందులో తెలిసేది. మరి క్రాంక్? క్రాంక్ కూడా శుభ్రంగానే ఉంది. పిచ్చెక్కినట్టయింది. సిగ్నల్ బాగుంది, కోడ్ సిగ్నల్ బాగాలేదంటోంది, ఈసీఎం ఇంజెక్షన్ ఆపేసింది. ఇక్కడే చాలామంది ఈసీఎం మార్చేస్తారు. నిజం చెప్పాలంటే నా మనసూ ఒక క్షణం అటే పోయింది.

క్రాంక్ శుభ్రంగా కనిపించడానికి కారణం నా సెట్టింగు. ఎక్కువసేపు రికార్డు కావాలని టైం బేస్ (స్క్రీన్ మీద ఒక గడికి, అంటే డివిజన్‌కు, ఎంత టైం అన్నది) బాగా పెంచాను. స్కోప్ మెమరీ మాత్రం అంతే ఉంటుంది కదా, కాబట్టి ఒక శాంపిల్‌కూ (స్కోప్ ఒకసారి తీసుకునే కొలత) ఇంకో శాంపిల్‌కూ మధ్య దూరం పెరిగిపోతుంది. ఆ సందులో నలభై మైక్రోసెకన్ల గొడవ వచ్చి పోతే స్కోప్ దాన్ని చూడనే చూడదు, నున్నటి గీత గీసి ఇస్తుంది. స్కోప్ కొన్న కొత్తలో అందరూ పడే గుంట ఇది. పీక్ డిటెక్ట్ (శాంపిళ్ల మధ్య వచ్చి పోయే శిఖరాలను కూడా పట్టుకునే సెట్టింగు) ఆన్ చేసి ఉంటే ఎంతో కొంత పట్టుకునేది.

సెట్టింగు మారుస్తూ కూర్చున్నాను. బండి ఐడిల్‌లో ఉంది, ఏసీ నడుస్తోంది, బయట ఎండ మండిపోతోంది. బానెట్ కింద నుంచి "టక్" మని శబ్దం. కాసేపటికి మళ్లీ "టక్". ఏసీ కంప్రెసర్ క్లచ్ (కాలితో తొక్కేది కాదు, కంప్రెసర్‌ను ఇంజిన్ బెల్ట్‌కు కలిపి విడదీసే కరెంటు క్లచ్) పట్టుకుంటోంది, వదులుతోంది. స్పీడ్ బ్రేకర్ దగ్గర బండి ఆగే ముందు కూడా నాకు ఇదే చప్పుడు వినిపించినట్టు అనిపించింది. అడిగాను: "తమ్ముడూ, ఏసీ వేయకుండా నడుపుతున్నప్పుడు ఎప్పుడన్నా ఆగిందా?"

అతను కాసేపు ఆలోచించాడు. "పొద్దుగాల ఏసీ వెయ్యనన్నా. ప్యాసింజర్ లేకపోతే అసలే వెయ్య." ఇంకొంచెం ఆగి, "ఏసీ పని చేస్తలేదని ఏప్రిల్‌లనే చేపిచ్చిన. కంప్రెసర్ క్లచ్ కాయిల్ మార్చిండ్రు, గ్యాస్ పట్టిండ్రు" అన్నాడు.

ఎండ ఎక్కువైనప్పుడు ఆగుతుందన్నది నిజమే. ఎండ ఎక్కువైతే ఏసీ వేస్తాడు, అదీ సంగతి.

ఇక పనిలో పడ్డాం. క్యామ్ ఛానెల్ తీసేసి దాన్ని కంప్రెసర్ క్లచ్ వైరుకు పెట్టాను, మధ్యలో 20:1 అటెన్యుయేటర్ (వోల్టేజిని ఇరవయ్యో వంతుకు తగ్గించేది) తప్పనిసరిగా పెట్టి. కాయిల్‌కు కరెంటు ఆపినప్పుడు వచ్చే ఎదురు వోల్టేజి వందల్లో ఉండవచ్చు, డైరెక్ట్‌గా పెడితే స్కోప్ ఇన్‌పుట్ పోతుంది. ఇంకో ముఖ్యమైన మార్పు ట్రిగ్గర్, అంటే ఏ క్షణాన్ని చూసి స్కోప్ రికార్డు చేయాలన్న గుర్తు. అప్పటిదాకా క్రాంక్ మీద ట్రిగ్గర్ పెట్టుకుని క్రాంక్‌నే చూస్తూ కూర్చున్నాను. ఇప్పుడు క్లచ్ వైరు మైనస్‌లోకి పడిపోయిన క్షణాన్ని ట్రిగ్గర్‌గా పెట్టి, టైం బేస్ డివిజన్‌కు 5 మిల్లీసెకన్లకు తగ్గించాను. క్లచ్ వదిలినప్పుడల్లా స్కోప్ ఒక ఫొటో తీస్తుంది, అంతే. అతన్ని సీట్లో కూర్చోబెట్టి ఏసీ బటన్ ఆన్, ఆఫ్ చేస్తూ ఉండమన్నాను.

మొదటి ఫొటోలోనే దొరికింది. క్లచ్ వదలగానే ఆ వైరు 14 వోల్టుల నుంచి మైనస్ 200 దాటి కిందికి దూకింది. కాయిల్‌కు అడ్డంగా డయోడ్ (కరెంటును ఒకే వైపు పోనిచ్చే చిన్న భాగం) ఉంటే ఆ దూకుడు మైనస్ ఒక వోల్టు దగ్గరే ఆగిపోవాలి. పాత కాయిల్‌లో లోపలే ఉండి ఉంటుంది, కొత్తగా వేసిన దాంట్లో లేదు. అదే క్షణంలో, ఒక మైక్రోసెకను అటూ ఇటూ కాకుండా, క్రాంక్ అల మీద ముళ్ల కంపలాంటి గుబురు, రెండు వోల్టుల ఎత్తు, నలభై మైక్రోసెకన్ల వెడల్పు. పన్ను శిఖరం మీద పడింది కాబట్టి ఈసీఎం పట్టించుకోలేదు, ఇంజిన్ నడుస్తూనే ఉంది.

ఆన్, ఆఫ్. ఆన్, ఆఫ్. పదిహేడోసారి ఇంజిన్ ఆగిపోయింది.

ఆ ఫొటోను జూమ్ చేసి అతన్ని పిలిచి చూపించాను. 58 పళ్లు అయిపోయాయి, ఖాళీ మొదలైంది, గీత సున్నా దగ్గర చదునుగా పోతోంది, సరిగ్గా ఆ చదును మధ్యలో ముళ్ల గుబురు పడింది. లేని చోట పన్ను పుట్టినట్టయింది. ఖాళీ రెండు ముక్కలైపోయింది, ఈసీఎంకు చుట్టు ఎక్కడ మొదలవుతోందో లెక్క తప్పింది, కింద ఇంజెక్టర్ ఛానెల్‌లో తర్వాత రావాల్సిన కరెంటు గడ్డ రాలేదు. పన్నుకు పన్నుకు మధ్య దూరం చుట్టులో 60వ వంతు అనుకుంటే, ఆ ఖాళీ మూడు వంతులు, అంటే చుట్టులో 5 శాతం. క్లచ్ వదిలినప్పుడల్లా కాకుండా ఇరవై సార్లకు ఒకసారి లెక్కన ఆగడానికి అదే కారణం.

హైవే స్పీడులో ఎందుకు ఆగదు అంటే, ఇండక్టివ్ సెన్సర్ అల ఎత్తు ఆర్‌పీఎంతో పాటు పెరుగుతుంది, గుబురు మాత్రం ఆ రెండు వోల్టులే. పైగా గేరులో ఉంటే చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతుంటాయి కాబట్టి లెక్క తప్పినా ఈసీఎం మళ్లీ అందుకుంటుంది, డ్రైవరుకు చిన్న కుదుపు తెలుస్తుంది అంతే. ఈ మాట చెప్పగానే, "అవునన్నా, నార్కట్‌పల్లి దాటినంక అప్పుడప్పుడు కొట్టినట్టయితది, డీజిల్ మంచిగ లేదేమో అనుకున్న" అన్నాడు.

అయితే డయోడ్ లేని కాయిల్‌తో తిరిగే బండ్లు చాలానే ఉన్నాయి, అవన్నీ ఆగిపోవడం లేదు. క్రాంక్ వైర్ల మీద షీల్డ్ (బయటి రొదను ఆపే రేకు చుట్టు) ఉంటుంది, రెండు వైర్లూ ఒకదానికొకటి మెలిపెట్టి ఉంటాయి, బయటి రొద రెండింటికీ సమానంగా తగిలి తేడాలో కొట్టుకుపోతుంది. ఇక్కడ ఎందుకు పోలేదు? కింద ఈసీఎం కప్లర్ తీసి, షీల్డ్ పిన్ నుంచి సెన్సర్ వైపు చివర షీల్డ్‌కు మీటర్ పెట్టి చూస్తే కంటిన్యుటీ లేదు, అంటే షీల్డ్ మధ్యలో ఎక్కడో తెగింది.

వైరింగ్ వెంట వేలు పెట్టుకుంటూ వెళ్లాం. బ్యాటరీ ట్రే కింద ఒక చోట టేపు ఉబ్బుగా తగిలింది. విప్పితే వేడికి కరిగిన జిగురు నల్లగా వేళ్లకు అంటుకుంది. లోపల రెండు సిగ్నల్ వైర్లూ సోల్డరింగ్ లేకుండా ఉత్త మెలికతో కలిపి ఉన్నాయి, ఒకదాని కొన పైనుంచి పొడుచుకొచ్చి ఉంది. వెండి రేకు షీల్డ్‌ను చీల్చి పారేశారు, దాంతో పాటు ఉండే ఉత్త తీగను వెనక్కి మడిచి చీపురు పుల్లలా టేపులో చుట్టేశారు, రెండో వైపు కొనతో కలపనే లేదు. జానెడు పొడవున మెలిక లేకుండా రెండు వైర్లూ విడివిడిగా ఉన్నాయి. వాటిని ఆనుకుని, అదే టేపులో కట్టిపడేసి, ఒక లావు వైరు. అది కంప్రెసర్ క్లచ్ వైరు.

బండి రాత్రిళ్లు రైస్ మిల్లు పక్కన పెడతాడు. మిర్యాలగూడలో మిల్లులకు కొదవ లేదు, వాటి చుట్టూ ఎలుకలకూ కొదవ లేదు. జనవరిలో వైరింగ్ కొరికితే ఎవరో అతికించారు. అతికించిన ఆయన తప్పు చేయాలని చేయలేదు, బండి స్టార్ట్ అయింది, మూడు నెలలు బాగా నడిచింది కూడా. ఏప్రిల్‌లో డయోడ్ లేని కాయిల్ వచ్చి చేరాక రెండూ కలిసి బండిని ఆపాయి.

నేను రెండూ ఒకేసారి సరిచేసి పంపేయలేదు. ఏది ఎంత కారణమో నాకు చూడాలనిపించింది. ముందు క్లచ్ కాయిల్‌కు అడ్డంగా 1ఎన్5408 డయోడ్ పెట్టాను, గీత ఉన్న వైపు ప్లస్‌కు. తిరగేసి పెడితే ఏసీ ఫ్యూజ్ వెంటనే ఎగిరిపోతుంది, జాగ్రత్త. స్పైక్ (ఆ మైనస్ దూకుడు) మైనస్ ఒక వోల్టుకు తగ్గింది, క్రాంక్ మీద గుబురు మాయం, అరవై సార్లు ఆన్ ఆఫ్ చేసినా ఆగలేదు. తర్వాత డయోడ్ తీసేసి వైరు సరిచేశాను. కొత్త షీల్డ్ వైరు ముక్క వేసి, జాయింట్లు సోల్డర్ చేసి, ఒక్కో దానికి హీట్ ష్రింక్ స్లీవ్ ఎక్కించి, షీల్డ్ తీగను రెండు వైపులా కలిపి, మళ్లీ మెలిపెట్టాను. షీల్డ్‌ను ఈసీఎం వైపు ఒక్క చోటే ఎర్త్ అయ్యేలా ఉంచాను, రెండు చివరలా ఎర్త్ చేస్తే దాంట్లోనే కరెంటు తిరిగి కొత్త రొద తెస్తుంది. క్లచ్ వైరును ఆ కట్టలోంచి తీసి వేరే దారిలో పంపాను. ఈసారి స్పైక్ మైనస్ 200 అలాగే ఉంది, క్రాంక్ మీద మాత్రం కనీ కనిపించని వణుకు. అప్పుడు డయోడ్ మళ్లీ పెట్టేశాను.

సామాను ఖర్చు మూడు వందలు కూడా కాలేదు. పట్టుకున్నందుకు రెండున్నర వేలు తీసుకున్నాను. ఒకటిన్నర రోజు పని అది. ఏ పార్టూ మార్చకుండా డబ్బులు అడిగితే మన దగ్గర చాలామందికి మింగుడుపడదు, కానీ ఇతను స్క్రీన్ మీద తన కళ్లతో చూశాడు కాబట్టి మారు మాట్లాడకుండా ఇచ్చాడు. ఆ రెండు ఫొటోలూ, పన్ను మీద పడ్డదీ ఖాళీలో పడ్డదీ, ఫోన్‌లోకి పంపించుకుని వెళ్లాడు. జూన్ చివర్లో ఫోన్ చేస్తే మళ్లీ ఆగలేదన్నాడు.

ఆ ఫొటోలను అతను తనకు కాయిల్ మార్చిన ఏసీ మెకానిక్‌కు చూపించాడట. ఆ మెకానిక్ తర్వాతి వారమే తన దగ్గరున్న మూడు కాయిళ్లు సంచిలో వేసుకుని నల్లగొండ వచ్చాడు. "అన్నా, మీటర్ పెడితే డయోడ్ ఉందో లేదో తెలుస్తలేదు" అన్నాడు. తెలియదు మరి. కాయిల్ రెసిస్టెన్స్ మూడు నాలుగు ఓమ్స్ ఉంటుంది, డయోడ్ దానికి అడ్డంగా ఉంటుంది, మీటర్‌కు కనిపించేది కాయిలే. బెంచి మీద ఒక్కో కాయిల్‌నూ బ్యాటరీకి తగిలించి తీస్తూ, అటెన్యుయేటర్ పెట్టి స్కోప్‌లో చూశాం. ఒకటి మైనస్ ఒక వోల్టు దగ్గర ఆగింది. రెండు మైనస్ 200 దాటాయి. ఆ రెండింటి మీద మార్కర్‌తో గుర్తు పెట్టుకుని, నా డబ్బాలోంచి పది డయోడ్లు తీసుకుని బస్సెక్కాడు.